రైలు గేములో ఏది లేదో ముందే చెప్పండి

రైలు సిమ్యులేటర్ ఆడతానని ఎవరితోనైనా అంటే మొదట వచ్చే ప్రశ్న "గ్రాఫిక్స్ బాగుంటాయా?" అని. బాగుంటాయి. ఇప్పుడొచ్చే గేముల్లో పట్టాల మీద ఎండ మెరుస్తుంది, వానకి అద్దం మీద చుక్కలు జారతాయి, సాయంత్రం ఆకాశం చూస్తూ కూర్చుంటే బండి నడుపుతున్న సంగతే మర్చిపోతాం. అయినా ఆ ప్రశ్నకి నేను వెంటనే అవునని అనలేను. రైలు గేములో కంటికి అందంగా కనపడేది వేరు, కంటికి పని చెప్పేది వేరు. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి కావాల్సింది రెండోది. అది సరిగ్గా రావాలంటే మంచి ఆర్టిస్టులు, ఖరీదైన గేమ్ ఇంజిన్ (గేముని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉంటే సరిపోదు. తయారుచేసేవాళ్ళు ఆడేవాళ్ళతో నోరు విప్పి మాట్లాడాలి. గేములో ఏమేం పెట్టారో అందరూ చెబుతారు. ఏది పెట్టలేదో, ఎందుకు పెట్టలేదో చెప్పేవాళ్ళే తక్కువ. అది చెప్పడం కూడా గ్రాఫిక్స్ పనిలో భాగమేనని నా వాదన.

రైలు గేము మిగతా గేముల్లాంటిది కాదు. కారు గేములో విసుగొస్తే పక్క సందులోకి తిప్పుకోవచ్చు. విమానం ముప్పై వేల అడుగుల ఎత్తుకి పోయాక కింద ఊరు ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు. రైలుకి ఒకటే దారి, ఒకటే కిటికీ. ఒకసారి కొన్న రూటుని, అంటే గేములో నడపడానికి తయారుచేసిన రైలు దారిని, నెలల తరబడి నడుపుతాం. అదే గేటు, అదే వేపచెట్టు, అదే మలుపు మళ్ళీ మళ్ళీ ఎదురొస్తాయి. పట్టాలకి అటూ ఇటూ యాభై మీటర్లలో ఉన్నదంతా కంఠతా వచ్చేస్తుంది. ఎక్కడో దూరాన కొండ ఆకారం కాస్త తేడాగా ఉన్నా సర్దుకుంటాం గానీ, లైను పక్కన ఉండాల్సిన బోర్డు లేకపోతే ప్రతిసారీ చూపు అక్కడే ఆగిపోతుంది.

పైగా ఆ బోర్డులూ దీపాలూ అలంకారం కోసం పెట్టినవి కావు. గంటకి 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ముప్పై మీటర్లు. ఇరవైకి పైగా పెట్టెలున్న బండిని ఆ వేగం నుంచి ఆపాలంటే ఆగాల్సిన చోటు కనపడ్డాక బ్రేకు వేస్తే కుదరదు. అందుకే స్టేషన్‌లోకి వెళ్ళొచ్చో ఆగాలో చెప్పే హోమ్ సిగ్నల్‌కి కనీసం కిలోమీటరు ముందు, దాని సంగతి ముందే తెలిపే డిస్టెంట్ సిగ్నల్ పెడతారు. అక్కడ రెండు పసుపు దీపాలు కనపడ్డాయంటే ముందు వేగం తగ్గించాల్సిన పని ఉందని అర్థం. ఒక్క పసుపు కనపడితే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి. లోకో పైలటూ, అసిస్టెంటూ ఇద్దరూ ఆ రంగుని చేత్తో చూపించి పైకి చెప్పుకుంటారు. అంటే లైను పక్కన ఉన్న ప్రతి వస్తువూ డ్రైవరుకి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. గేములో దాన్ని తీసేస్తే పోయేది అందం ఒక్కటే కాదు, నడపడానికి కావాల్సిన సమాచారం కూడా.

నాకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది మా బాబాయి వల్ల. ఆయన విజయవాడ నుంచి గూడూరు వైపు బళ్ళు నడిపి రిటైరైన లోకో పైలట్. ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మన రైళ్ళున్న ఒక రూటు పెట్టాను. తెల్లవారుజాము వెలుతురు, పొలాల మీద మంచు. నాకైతే చాలా ఇష్టమైన సీను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఓ పది నిమిషాలు మాట్లాడకుండా చూశాడు.

"బానే ఉందిరా. బోర్డులేవి?"

"ఏ బోర్డులు బాబాయ్?"

"న్యూట్రల్ సెక్షన్ బోర్డులు. ఐదొందల మీటర్ల ముందు ఒకటి, రెండొందల యాభైకి ఒకటి ఉండాలిగా. అవి లేకపోతే డీజే ఎక్కడ తీస్తావు?"

"ఇందులో తీయక్కర్లేదు. అదే పోతుంది."

"మరి నువ్వు చేసే పనేంటి ఇందులో?"

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. మన లైన్ల మీద తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. అది దారి పొడవునా వేరువేరు సబ్‌స్టేషన్ల నుంచి, వేరువేరు ఫేజుల్లో వస్తుంది. ఒక ఫేజు ఇంకోదానితో కలవకుండా మధ్యలో కరెంటు లేని చిన్న ముక్క వదులుతారు. అదే న్యూట్రల్ సెక్షన్. బండి అక్కడికి చేరేలోపే లోకో పైలట్ ఇంజిన్‌లోని మెయిన్ బ్రేకర్ తెరిచేయాలి. దాన్నే వాళ్ళు డీజే అంటారు. ఆ ముక్క దాటాక మళ్ళీ మూయాలి. 110 మీద పోతున్నప్పుడు ఐదు వందల మీటర్ల బోర్డు నుంచి అక్కడికి పదహారు సెకన్లు, రెండు వందల యాభై బోర్డు నుంచి ఎనిమిది సెకన్లు. రాత్రిపూట, వానలో, ఆ బోర్డు కోసం కళ్ళు చిట్లించుకుని చూడటం ఉద్యోగంలో రోజువారీ సంగతి. గేము తయారుచేసినవాళ్ళు మంచుని బ్రహ్మాండంగా చేశారు. ఆ మంచులో డ్రైవరు దేనికోసం వెతుకుతాడో దాన్ని మాత్రం పెట్టలేదు.

వాళ్ళకి తెలియక పెట్టలేదా, తెలిసీ టైము లేక వదిలేశారా, కరెంటు సరఫరాని లెక్కగట్టే పద్ధతి ఆ గేమ్ ఇంజిన్‌లోనే లేదా? మూడూ వేరువేరు సంగతులు. తెలియకపోతే మా బాబాయి లాంటివాళ్ళు చెబుతారు. టైము లేకపోతే వచ్చే అప్‌డేట్ దాకా ఆగుతాం. గేమ్ ఇంజిన్‌లోనే లేదంటే అడగడం మానేస్తాం. ఆ మూడింట్లో ఏదో తెలియకపోవడమే అసలు బాధ. నేను వాళ్ళకి ఫొటోలతో సహా రాశాను. "మీ సూచనకి ధన్యవాదాలు" అని ఒక్క లైను వచ్చింది. తర్వాతి అప్‌డేట్‌లో నీళ్ళ మీద ప్రతిబింబాలు మెరుగుపరిచారు.

గ్రాఫిక్స్ కష్టం ఏమిటో నాకు తెలియక అంటున్న మాటలు కావివి. రైలు గేము చేసేవాళ్ళకున్నంత ఇబ్బంది చాలామందికి ఉండదు, అందులోనూ కరెంటు లైన్ల మీద. ఒక చిన్న లెక్క చూడండి. అడ్డంగా 1920 పిక్సెళ్ళున్న మామూలు మానిటర్ మీద అరవై డిగ్రీల దృశ్యం చూపిస్తున్నారనుకుందాం. ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్‌లోకి దాదాపు 44 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. సిగ్నల్ దీపం అద్దం జానెడు ఉంటుంది. అంటే సగం పిక్సెల్ కూడా నిండదు. నిజం లైను మీద మాత్రం ఆ దీపం అంత దూరం నుంచీ స్పష్టంగా కనపడుతుంది. కాంతి బలంగా ఉంటుంది, లెన్సు దాన్ని సూటిగా డ్రైవరు కళ్ళ వైపు పంపిస్తుంది. మానిటర్‌కి అంత వెలుగు ఇచ్చే శక్తి లేదు. కాబట్టి దూరంగా ఉన్నప్పుడు దీపాన్ని అసలు సైజు కంటే పెద్దది చేసి చూపించాలి, లేదా దాని చుట్టూ కాంతి వలయం పెట్టాలి. కొలతల ప్రకారం అది తప్పే, కానీ నడిపేవాడికి అదే ఒప్పు. అచ్చం కొలతల ప్రకారం చేసిన గేములో సిగ్నల్ దగ్గరికొచ్చేదాకా రంగు తెలియదు.

తీగలది ఇంకా పెద్ద చిక్కు. పంటోగ్రాఫ్ (కరెంటు తీసుకోవడానికి రైలింజిన్ నెత్తిన ఉండే చట్రం) తాకే కాంటాక్ట్ వైరు మందం సుమారు 12 మిల్లీమీటర్లు. పైన చెప్పిన లెక్కలోనే ఇరవై మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ 11 మిల్లీమీటర్లు. అంటే ఇరవై మీటర్లు దాటాక ఆ తీగ పిక్సెల్ కంటే సన్నబడిపోతుంది. ఇక అక్కడ్నుంచి కంప్యూటర్ ఒక ఫ్రేములో తీగ ఉందంటుంది, ఇంకో ఫ్రేములో లేదంటుంది. ఆకాశంలో గీతలు వణుకుతున్నట్టు, తెగి అతుక్కుంటున్నట్టు కనపడేది అందుకే. దాన్ని సరిచేయడానికి నాలుగైదు ఫ్రేముల్ని కలిపి నునుపు చేస్తే, ఈసారి పక్కనుంచి పోయే స్తంభాలకి తోకలు మొలుస్తాయి. దూరంలో తీగని కావాలని లావు చేస్తే వణుకు తగ్గుతుంది గానీ ఆకాశం నిండా తాళ్ళు కట్టినట్టుంటుంది. ఏది ఎంచుకున్నా ఒకటి పోతుంది. విజయవాడ నుంచి ఎటు బయల్దేరినా నెత్తిన తీగ ఉంటుంది కాబట్టి ఇక్కడి రూటు చేసేవాళ్ళకి ఈ తలనొప్పి తప్పదు.

ఇంత కష్టపడి ఒక నిర్ణయం తీసుకున్నప్పుడు దాన్ని రెండు వాక్యాల్లో చెబితే ఎంత బాగుంటుంది! "దూరపు తీగల్ని లావు చేశాం, వణుకు తగ్గించడానికి" అని రాస్తే చదివినవాడు దాన్ని లోపంగా కాక ఎంపికగా చూస్తాడు. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడు ఆ సెట్టింగ్ జోలికి పోడు, 4కే మానిటర్ ఉన్నవాడు అసలు కొలతలు పెట్టుకుంటాడు. చెప్పకపోతే మాత్రం ఇద్దరూ కలిసి తిడతారు.

డెవలపర్లు బొత్తిగా మాట్లాడరని నేననను. ట్రెయిన్ సిమ్ వరల్డ్ చేసే డవ్‌టెయిల్ గేమ్స్ వాళ్ళు రోడ్‌మ్యాప్ పేరుతో ఏ రూటు మీద పని నడుస్తోందో, ఏ సరిచేతలు వస్తున్నాయో తరచూ ప్రకటిస్తారు, లైవ్‌లో కూర్చుని ఆడి చూపిస్తారు. ఇరవై ఏళ్ళ కిందట ఇలా ఉండేది కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు డబ్బా కొనుక్కున్నామా, ఆడుకున్నామా, అంతే. దాని రెండో భాగాన్ని 2003లో ప్రకటించి తర్వాత ఆపేశారు. 2007లో కొత్తది చేస్తున్నామని మళ్ళీ ప్రకటించారు. 2009 జనవరిలో అది చేస్తున్న స్టూడియోనే మూసేశారు. ప్రపంచమంతటా రైలు పిచ్చోళ్ళు రెండుసార్లు ఆశపడి రెండుసార్లు ఊరుకున్నారు.

డెవలపర్లు నోరు విప్పడానికి భయపడేది కూడా ఇలాంటి అనుభవాల వల్లే. ఒక తేదీ చెబితే అది మాటిచ్చినట్టే. తప్పితే జనం వదలరు. ఒక స్క్రీన్‌షాట్ బయటపెడితే చివరి గేములో అది అచ్చం అలాగే ఉండాలంటారు. చిన్న టీములో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళు జవాబులు రాస్తూ కూర్చుంటే బొమ్మలు ఎవరు చేస్తారు? ఈ భయంలో న్యాయం ఉంది. మనవాళ్ళు రాసే భాష కూడా ఒక్కోసారి మరీ దారుణంగా ఉంటుంది. చెట్టు రంగు నచ్చలేదని మనిషిని తిట్టడం ఏం పద్ధతి?

కానీ నేను అడుగుతున్నది తేదీ కాదు. వచ్చేది ఎప్పుడొస్తుందో చెప్పమనట్లేదు, రానిది ఏదో చెప్పమంటున్నాను. తేదీ భవిష్యత్తు మీద పందెం, తప్పొచ్చు. "ఈ రూటులో న్యూట్రల్ సెక్షన్లు లేవు, గేట్ల దగ్గర కూత వేయమని చెప్పే సీ/ఫా బోర్డులు అంచనాగా పెట్టాం, కృష్ణా నది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది" అన్నది ఈరోజు నిజం, రేపు ఎవరూ దాన్ని పట్టుకుని నిలదీయలేరు. అద్దె ఇల్లు చూపించేవాడు మంచినీళ్ళు రోజు విడిచి రోజే వస్తాయని ముందే చెబితే డ్రమ్ములు కొనుక్కుని మరీ దిగుతాం. దిగాక తెలిస్తేనే గొడవ. టైము కూడా పెద్దగా పట్టదు. పనిచేస్తున్నప్పుడు ఏది వదిలేస్తున్నారో వాళ్ళ దగ్గర ఎలాగూ రాసి ఉంటుంది. దాన్ని బయటపెట్టడమే.

ఓపెన్ రైల్స్‌ని చూస్తే ఇది సాధ్యమేనని తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ వదిలేసిన పాత గేము రూట్లనూ ఇంజిన్లనూ నడిపేలా అభిమానులే రాసుకున్న ఉచిత సిమ్యులేటర్ అది. 2015లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. చూడటానికి ఇప్పటి పెద్ద గేములతో పోటీ పడలేదు. అయినా అందులో ఏ లోపం ఎవరు చెప్పారో, దాని గురించి ఏం అనుకున్నారో, ఎందుకు ఆగిందో అంతా బహిరంగంగా ఉంటుంది. ఓపిక ఉన్నవాడు కోడ్ కూడా చదువుకోవచ్చు. మన డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజిన్లూ డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ ఇంజిన్లూ ఆ పాత గేములోకి వచ్చింది ఏ కంపెనీ వల్లా కాదు. ప్లాట్‌ఫాం చివర నిలబడి ఇంజిన్ని నాలుగు వైపులా చూసి, ఇంటికెళ్ళి మోడల్ చేసి ఉచితంగా పంచిన కుర్రాళ్ళ వల్ల. ఇంజిన్ మొహం మీద అది ఏ షెడ్డుదో (ఇంజిన్లని ఉంచి బాగుచేసే చోటు) రాసి ఉంటుంది కదా, విజయవాడ షెడ్డు బండికీ లాలాగూడ షెడ్డు బండికీ ఆ అక్షరాలు తేడా వస్తే వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. కంప్యూటర్‌కి దానివల్ల పడే బరువేమీ లేదు. తెలిసినవాడు చూసి చెప్పాలి, అంతే.

నా వాదనకి మూలం ఇక్కడుంది. రైలు గేములో వివరం అంటే ఎక్కువ పాలిగాన్లు (గేములో బొమ్మల్ని కట్టే చిన్న చిన్న పలకలు) కాదు, ఉండాల్సినది ఉండాల్సిన చోట ఉండటం. ఆ "చోటు" తెలిసినవాళ్ళు స్టూడియోలో ఉండరు, లైను పక్కన ఉంటారు.

కృష్ణ మీద వంతెననే తీసుకోండి. చెన్నై వైపు నుంచి వచ్చే బండి తెనాలి దాటి, కృష్ణా కెనాల్ దగ్గర గుంటూరు లైనుతో కలిసి నది మీదికి ఎక్కుతుంది. ఎడమవైపు ప్రకాశం బ్యారేజీ, దాని అవతలి చివర ఇంద్రకీలాద్రి. కుడివైపు కనకదుర్గ వారధి. ఇనుప గర్డర్ల నీడ క్యాబ్‌లోకి (డ్రైవరు గదిలోకి) ఒక లయలో పడుతూ లేస్తూ ఉంటుంది. పెట్టెల్లో జనం కిటికీల దగ్గరికి జరిగి చిల్లర నదిలోకి వేసి దణ్ణం పెట్టుకునేది ఇక్కడే. ఇదంతా ఉపగ్రహ చిత్రం చూసి చేయొచ్చు, చేశారు కూడా. కానీ ఉపగ్రహ చిత్రంలో నది ఏదో ఒక రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. 1957లో కట్టిన ఆ బ్యారేజీకి డెబ్బై గేట్లు. రైలు వంతెన ఉన్నది వాటికి దిగువన. మే నెలలో చూస్తే అక్కడ ఇసుక తిన్నెలు, మధ్యలో మడుగులు, గడ్డి. ఆగస్టులో గేట్లు ఎత్తితే ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకి ఎర్రటి నీళ్ళు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు చూసినవాళ్ళకి ఆ నది ఎంతకి మారగలదో తెలుసు. గేములో దానికి ఒకే నీలం రంగు.

రుతువుల సంగతీ అంతే. పాత మైక్రోసాఫ్ట్ గేములో వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం అని నాలుగు ఉండేవి, చలికాలానికి మంచు కూడా కురిసేది. ఐరోపాకి, అమెరికాకి సరిపోయే లెక్క అది. తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా విజయవాడ వచ్చేవాడికి కాలం తెలిసేది చెట్ల ఆకుల్లో కాదు, పొలంలో. జూలై, ఆగస్టుల్లో దమ్ము చేసిన మడుల్లో నీళ్ళు నిలిచి ఆకాశం కనపడుతుంది. అక్టోబరుకి కళ్ళు చెదిరే పచ్చ. నవంబరు చివర నుంచి పండిన వరి రంగు. కోతలయ్యాక అవే చేలల్లో మినుము. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిన మోళ్ళు, బీటలు. నేల బొమ్మలు నాలుగు మార్చితే చాలు ఇదంతా వస్తుంది. ఒక్క పాలిగాన్ కూడా అదనంగా అక్కర్లేదు. అయితే ఈ క్రమం డెల్టాలో తిరిగినవాడికే తెలుస్తుంది. ఎక్కడో కూర్చుని చేస్తున్నవాడు "ఇక్కడ ఏ నెలలో ఏం పండుతుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఇటునుంచి వంద జవాబులు వెళ్తాయి.

స్టేషన్ బోర్డుల మీద తెలుగు చూస్తే నాకు ఇంకా ఉక్రోషం వస్తుంది. పసుపు బోర్డు, నల్ల అక్షరాలు, మూడు భాషలు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు. రంగు, ఆకారం, తుప్పు మరకలతో సహా అన్నీ సరిగ్గా చేసి, తెలుగు మాత్రం ముక్కలు చేస్తారు. మన అక్షరాల్ని కలిపి చూపించే పద్ధతి తెలియని సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయడం వల్ల వచ్చే తంటా అది. తెనాలి, మంగళగిరి, గుంటూరు లాంటి ఒత్తుల్లేని పేర్లు ఎలాగో గట్టెక్కుతాయి. దుగ్గిరాల, కృష్ణా కెనాల్ దొరికిపోతాయి. ఒత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడి ఉంటుంది. బోర్డు ఎలాగూ ఒక బొమ్మే కాబట్టి తెలుగు చదవగలిగినవాడు సరిగ్గా రాసిచ్చిన ఫైలు పెడితే పని అయిపోతుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఇవ్వడానికి ఇక్కడ ఎంతమంది సిద్ధంగా ఉన్నారో వాళ్ళకి తెలియదు, ఎందుకంటే అడగలేదు.

అడిగినవాళ్ళూ ఉన్నారు. ఒక చిన్న రూటు చేస్తున్న కుర్రాడు ముందే రాసిపెట్టాడు. విజయవాడ స్టేషన్‌లో తారాపేట వైపు తన దగ్గర ఫొటోలు లేవని, అక్కడ కనపడే భవనాలు తాత్కాలికమని, ఎవరైనా పంపితే మారుస్తానని. నేను ఫోన్‌లో తీసినవి కొన్ని పంపాను, ఇంకెవరెవరో పంపారు. వాటిలో కొన్ని పనికొచ్చాయి, కొన్ని రాలేదు. ఏది ఎందుకు పనికి రాలేదో కూడా చెప్పాడు: మనుషులు అడ్డున్నారని, కోణం వంకరగా ఉందని, నీడ సగం గోడని కప్పేసిందని. తర్వాతిసారి ఎలా తీయాలో అలా తెలిసింది. ఆ రూటులో ఇప్పటికీ లోపాలు చాలా ఉన్నాయి. అయినా నేను ఎక్కువగా నడిపేది దాన్నే, ఎందుకంటే ఎక్కడ ఏది నమ్మొచ్చో నాకు తెలుసు.

ఈ మాట పెద్ద గేములకీ వర్తిస్తుందా అని అడగొచ్చు. జపాన్ నుంచి ఒక ఉదాహరణ ఉంది. 2022లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి వచ్చిన జేఆర్ ఈస్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌లో బొమ్మలు గీయలేదు, డ్రైవరు సీటు ముందు నుంచి తీసిన అసలు వీడియోనే వాడారు. మన వేగాన్ని బట్టి ఆ వీడియో వేగం మారుతుంది. తీగ వణకదు, బోర్డు తప్పిపోదు, గోడ మీద మరక కూడా ఉన్నచోటే ఉంటుంది. బదులుగా వాతావరణం మారదు. వీడియో తీసిన రోజు ఎండైతే ఎప్పటికీ ఎండే. క్యాబ్ దిగి నడవడం, బండిని బయట నుంచి చూడటం కుదరదు. ఇందులో నాకు నచ్చింది ఆ వీడియో నాణ్యత కన్నా, ఏం వస్తుందో ఏం రాదో కొనేముందే తేటగా ఉండటం. ఎవరూ మోసపోయామని అనుకోరు. అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్ మీద చేసే పెద్ద గేముల్లో ప్రతి రూటులోనూ ఇలాంటి బేరాలు డజన్ల కొద్దీ జరుగుతాయి. కన్సోల్ మెమరీ చాలక చెట్లు తగ్గిస్తారు, అనుమతి దొరక్క లోగోలు తీసేస్తారు, గడువు దగ్గరపడి సైడింగుల్ని (బళ్ళు నిలిపే పక్క పట్టాల్ని) ఖాళీగా వదిలేస్తారు. ఇవన్నీ సబబైన కారణాలే. అయితే బయటికి మాత్రం ట్రైలర్ వస్తుంది. అందులో సూర్యోదయం, నెమ్మదిగా కదిలే కెమెరా, అన్నిటికన్నా బాగా చేసిన ఒకే ఒక్క స్టేషను.

ట్రైలర్ కెమెరా ఎప్పుడూ బండి బయట ఉంటుందని గమనించారా? మనం నడిపేది లోపలి నుంచి. ఒక రూటు అమ్మాలనుకున్నప్పుడు క్యాబ్ లోంచి, కోతల్లేకుండా, మామూలు సెట్టింగుల్లో, మబ్బు పట్టిన మధ్యాహ్నం పూట ఒక అరగంట వీడియో పెడితే అంతకు మించిన ప్రచారం అక్కర్లేదు. అందులో తీగ వణికితే వణకనివ్వండి. చూసి కొనుక్కునేవాడు కొనుక్కుంటాడు.

బెజవాడ నుంచి గూడూరు దాకా దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఇవాళో రేపో ఎవరో ఒకరు ఈ లైను మొత్తాన్ని ఇప్పటి స్థాయిలో తయారుచేస్తారు. నేను కొంటాను, మా బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆ చేసేవాళ్ళని నేను అడిగేది అమ్మకం పేజీలో ఒక చిన్న పేరా. న్యూట్రల్ సెక్షన్లు పనిచేస్తాయా, లేక బోర్డులు మాత్రమే ఉన్నాయా. నది ఏ నెలలో ఉన్నట్టు చేశారు. సిగ్నళ్ళు అసలు చోట్లలో ఉన్నాయా, అంచనాగా పెట్టారా. ఏయే స్టేషన్లు ఫొటోలు చూసి చేశారు, ఏవి ఊహించి చేశారు. ఊహించి చేసిన స్టేషన్ల పేర్లు విడిగా రాయండి. పొన్నూరులోనో, బాపట్లలోనో, చీరాలలోనో, కావలిలోనో దాన్ని చదివి సాయంత్రానికల్లా ఫొటోలు తీసేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాటిని ఎక్కడికి పంపాలో కూడా ఆ పేరాలోనే రాయండి.